క్లారినెట్ చుక్క

ఉగాది వెళ్ళిన వారానికి ఆఫీసులో నాకు మిక్సర్ పని అప్పజెప్పారు. మాది పాటలకు స్వరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్. తెర మీద వరుసగా స్వరాలు రాస్తే కంప్యూటరే వాటిని వాయించి వినిపిస్తుంది. ఒక వరుస వేణువుది, ఒకటి మృదంగానిది, ఇలా ఎన్నయినా పెట్టుకోవచ్చు. వాటిలో ఏది ఎంత గట్టిగా వినబడాలి, ఏ పక్కనుంచి వినబడాలి అని సరిచేసుకునే చోటును మిక్సర్ అంటారు. మా దాంట్లో అదీ ఉంది కానీ ఎవరికీ కొరుకుడు పడేది కాదు. నిలువు మీటలు, గుండ్రటి మీటలు, పక్కన అంకెలు. సంగీతం టీచర్లు మాకు ఉత్తరాలు రాసేవారు, నా పాటలో వేణువు మాయమైంది, వెతికి పెట్టండి అని. వేణువు ఎక్కడికీ పోలేదు. పొరపాటున దాని మ్యూట్ బటన్ నొక్కి, నొక్కిన సంగతి మరిచిపోయేవారు.

సంగీతం బాగా తెలిసి, కంప్యూటర్ అసలు తెలియని మనిషిని ఒకరిని పట్టుకొమ్మంది మా మేనేజర్ వైశాలి. ఆ మనిషికి ఒక్క నిమిషంలో అర్థమయ్యేలా మిక్సర్‌ను కొత్తగా గీసి తెమ్మంది.

అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా బాపు బాలనర్సింహకు అప్పుడు అరవై మూడేళ్ళు. నలభై ఏళ్ళుగా పెళ్ళి బ్యాండులో క్లారినెట్ ఊదుతున్నాడు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల, అటు మంచాల నుంచి ఇటు బొంగులూరు దాకా, మా బ్యాండు ఎక్కని మండపం తక్కువ. బ్యాండు పెట్టింది బాపు. నాలుగేళ్ళ నుంచి నడిపేది మా అన్న రత్నాకర్. మొత్తం తొమ్మిది మంది. నేను వారంలో మూడు రోజులు ఇంట్లోనే కూర్చుని పనిచేసేదాన్ని కాబట్టి, ఒక రోజు పొద్దున టీ తాగుతున్న బాపు ముందు ల్యాప్‌టాప్ పెట్టాను.

చాలాసేపు చూశాడు. తర్వాత, "గిది కరెంటాఫీసుల బోర్డు లెక్కున్నది బిడ్డా" అన్నాడు.

ఏది పెద్దగా వినబడాలో, ఏది చిన్నగా వినబడాలో చెప్పేందుకు అని వివరించాను.

"గంతేనా? దానికి గిన్ని గుండీలెందుకు? మేం రోడ్డు మీద ఏం జేస్తం? డోలును ఎనక్కు జరుపుతం. బూరలోణ్ని జర పక్కకు మొఖం తిప్పుమంటం. నేను పెండ్లిపిలగాని చెవి దగ్గరుంట. దగ్గర, దూరం. గంతే గద."

అమ్మను పిలిచి వంటింట్లోంచి గిన్నెలు తెమ్మన్నాడు. మా అమ్మ మైసమ్మకు ఆయన ఏం చేయబోతున్నాడో అర్థం కాక, అడిగిందల్లా తెచ్చి ఇచ్చింది. పెద్ద గంజు డోలు. రెండు చెంబులు బూరలు. గ్లాసులు సైడ్ డ్రమ్ములు. తన టీ గ్లాసు క్లారినెట్. నన్ను చాప మధ్యలో కూర్చోబెట్టి నా చుట్టూ తొమ్మిదింటినీ పేర్చాడు. ఊరేగింపు ఇరుకు సందులోకి పోతే ఇలా అంటూ గంజును వాకిలి దాకా జరిపాడు. గోడలకు కొట్టుకుని మోత పెరుగుతుందట. బయలులోకి వస్తే మళ్ళీ లోపలికి లాగాడు. నేను ఫోన్లో ఫొటోలు తీస్తూనే ఉన్నాను. మీటలూ అంకెలూ అక్కర్లేదని, తెర మీద ఒక ఖాళీ స్థలం, మధ్యలో వినే మనిషి, చుట్టూ వాద్యానికొక చుక్క ఉంటే చాలని, ఆ చాప మీదే నాకు తెలిసింది. దగ్గరికి లాగితే పెద్దగా, దూరం జరిపితే చిన్నగా. ఎడమకు జరిపితే ఎడమ చెవిలో. చుక్క మీద ఒక్కసారి నొక్కితే మ్యూట్.

మ్యూట్ చేసిన చుక్క మాయమైపోవాలా అన్న దగ్గర ఆగిపోయాను. దానికీ బాపే జవాబు చెప్పాడు.

"ఊరుకున్నోడు గూడ లైన్ల ఉంటడు బిడ్డా. కనబడాలె. లేకుంటే వాడున్నడన్నదే మర్చిపోతరు."

అందుకే మ్యూట్ చేసిన చుక్కను ఖాళీ సున్నాగా మార్చి, పేరుతో సహా అక్కడే ఉంచాను. వైశాలి చూసి ఒక్క గీత కూడా మార్చలేదు. ఇక అసలు పాటలతో పరీక్షించి చూడమంది.

ఆ పాటల కోసం మేం పట్టిన తంటాలే ఆ ఎండాకాలంలో నాకు మిగిలిన మంచి రోజులు. బాపుకు స్వరాలు రాయడం రాదు, ఊదడమే వచ్చు. ఆయన ఒక్కో ముక్క ఊదుతుంటే నేను విని రాసేదాన్ని. తప్పు రాస్తే కంప్యూటర్ వాయించగానే పట్టుకునేవాడు. డోలు కొట్టే జంగా కాక కూడా వచ్చి వరండాలో కూర్చునేవాడు. బాపు బ్యాండు పెట్టిన నాటి నుంచి ఆయన వెంటే ఉన్న మనిషి. ఎదుర్కోళ్ళప్పుడు కొట్టే దెబ్బ వేరు, తలంబ్రాలప్పటి దెబ్బ వేరు అంటూ పుల్లతో గడప మీద కొట్టి చూపించేవాడు. మధ్యాహ్నం కరెంటు పోతే తడిగుడ్డలు మెడకు చుట్టుకుని మరీ కూర్చునేవాళ్ళు ఇద్దరూ. మూడు వారాలు తిరిగేసరికి మా బ్యాండు వాయించే పాటలు పద్దెనిమిది, తొమ్మిది మంది వంతులతో సహా నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాయి.

అన్న మొదట్లో పట్టించుకోలేదు. ఒక రోజు బయటి నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ఆగిపోయాడు. లోపల బ్యాండు వాయిస్తోంది, మనుషులు లేరు. వచ్చి నా వెనక నిలబడి పాట అయ్యేదాకా విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. తర్వాత తన ల్యాప్‌టాప్‌లో కూడా వేసి ఇమ్మన్నాడు, ప్రాక్టీసు చేసుకోవడానికని. కొత్తగా వచ్చిన ఇద్దరు బూరవాళ్ళకు నేర్పడం తేలికవుతుందన్నాడు. పరీక్షించేవాళ్ళు ఎంత మంది ఉంటే నాకంత మంచిది. వేసి ఇచ్చాను, చుక్కలు ఎలా జరపాలో చూపించాను. ఒక్క నిమిషంలో పట్టేశాడు. ఆ నిమిషాన్ని నా రిపోర్టులో కూడా రాసుకున్నాను.

వైశాఖం వచ్చింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మొదటి పెళ్ళి కోహెడ దగ్గర. అన్న నలుగురినే తీసుకుపోయాడు. రెండు పెద్ద స్పీకర్లు టెంపోలో పెట్టి, ల్యాప్‌టాప్ తగిలించి, కీబోర్డు ముందు తాను నిలబడ్డాడట. బాపును కూడా పిలవలేదు. పెళ్ళి చిన్నదని చెప్పాడు. రెండో పెళ్ళికీ నలుగురే.

ఆ వారంలోనే జంగా కాక ఇంటికి వచ్చాడు. అన్న లేని వేళ చూసుకునే వచ్చాడనుకుంటాను. వరండాలో ఎప్పటిలా కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నా దెబ్బ దాంట్ల ఉన్నదంట గద. జర వినిపియ్యి బిడ్డా" అన్నాడు.

డోలు చుక్క ఒక్కటే వినబడేట్టు పెట్టాను. కాక తల వంచి విన్నాడు. ఆయన కుడిచెయ్యి తొడ మీద దానంతట అదే కదులుతోంది. రెండేళ్ళుగా ఆ చెయ్యి వణుకుతోందని మా అందరికీ తెలుసు.

"మంచిగున్నది" అన్నాడు. "నా కంటె మంచిగున్నది. చెయ్యి వణుకుతలేదు."

చాయ్ తాగి పొమ్మని అమ్మ లోపలి నుంచి పిలుస్తూనే ఉంది. ఆగలేదు.

ఆ పూట అన్న అన్నానికి కూర్చున్నప్పుడు బాపు అడిగాడు, జంగాను ఎందుకు పిలవడం లేదని. మెల్లగా మొదలైన మాట పెద్దదయింది. అన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు, అదే బాధ. ఎదురుగా డీజే బండ్లు వచ్చాయి. ఫంక్షన్ హాల్ వాళ్ళు తొమ్మిది మందికి చోటు లేదంటున్నారు. ఉన్నవాళ్ళలో ముగ్గురికి వయసైపోయింది, ఇద్దరు పొద్దునే తాగి వస్తున్నారు. నేను మధ్యలో కలగజేసుకుని, నేనిచ్చింది ప్రాక్టీసుకు కదా అన్నాను.

"పెండ్లి పార్టీలు ఏమంటున్నయో నీకు తెల్వదు చెల్లే" అన్నాడు అన్న. "నలుగురు చాలంటరు. సౌండు మాత్రం తొమ్మిది మందిది రావాలంటరు. నేను యాడికెల్లి తేవాలె? నువ్వే ఇచ్చినవ్, వాడుకుంటున్న."

బాపు అప్పుడు తన సంగతి అడిగాడు. నేనూ అంతేనా అని. అన్న కంచంలోంచి తల ఎత్తకుండా, రెండో చరణానికి వచ్చేసరికి నీకు దమ్ము చాలడం లేదు, నాకు వినబడుతోంది, పార్టీకీ వినబడుతోంది అన్నాడు. బాపు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మాటను ఆయన కాదనకపోవడం నేను గమనించాను. మూడు వారాలు నా ఎదురుగా ఊదినప్పుడు ఎక్కడెక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాడో నాకు తెలుసు. ఆ ఖాళీలను నేను రాయలేదు. తెంపు లేకుండా కలిపి రాశాను, వినడానికి బాగుంటుందని.

నెల చివర్లో బొంగులూరులో పెద్ద పెళ్ళి వచ్చింది. అమ్మాయి తరఫు వాళ్ళు బాపుకు పాత పరిచయం. వాళ్ళ ఇంట్లో అంతకు ముందు రెండు పెళ్ళిళ్ళు బాపు క్లారినెట్‌తోనే జరిగాయి. బాలనర్సింహ రావాల్సిందేనని వాళ్ళు ఫోన్ చేసి చెప్పారట. ఆ సంగతి అన్నే వచ్చి బాపుకు చెప్పాడు. తర్వాత ఇద్దరూ బయట వేపచెట్టు కింద చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను, వినలేదు. కాల్ అయ్యాక అన్నను అడిగాను, బాపు ఊదుతాడా అని.

"బాపు ముందల నిలబడతడు" అన్నాడు.

నాకు కావలసింది నేను విన్నాను. ఇంకేమీ అడగలేదు.

పెళ్ళి రోజు పొద్దున బాపు ఎర్రకోటు వేసుకున్నాడు. భుజాల మీద జరీ కుచ్చులున్న కోటు, అమ్మ ఇస్త్రీ చేసి ఉంచింది. గడ్డం గీసుకున్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు అన్న. అంతకు ముందు పెళ్ళిలో ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోయిందట, పక్కనుంటే చూసుకుంటావని. ఆఫీసుకు సెలవు పెట్టి పోయాను.

కొత్త వెంచర్‌లో ఫంక్షన్ హాల్. పది గంటలకే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పెళ్ళికొడుకు వాళ్ళ కార్లు గేటు దగ్గర ఆగాయి, అమ్మాయి వాళ్ళు పళ్ళేలతో ఎదుర్కోళ్ళకు బయలుదేరారు. స్పీకర్లున్న టెంపో పక్కన గొడుగు కింద నేను ల్యాప్‌టాప్‌తో నిలబడ్డాను. అన్న నాకు పది అడుగుల దూరంలో కీబోర్డు దగ్గర. రెండు సైడ్ డ్రమ్ములు, ఒక బూర. అందరికంటే ముందు, సరిగ్గా పెళ్ళికొడుకు ఎదురుగా, బాపు. క్లారినెట్ పెదాలకు ఆనించాడు. అన్న తలూపాడు, నేను పాట మొదలుపెట్టాను.

తెర మీద తొమ్మిది చుక్కలూ నిండుగా ఉన్నాయి. క్లారినెట్ చుక్క అన్నిటికంటే దగ్గర. స్పీకర్లలోంచి క్లారినెట్ గట్టిగా, తెంపు లేకుండా వస్తోంది. ఎదురుగా బాపు బుగ్గలు పొంగుతున్నాయి, వేళ్ళు పరుగెత్తుతున్నాయి. ఆయన ఊదేది ఈ మోతలో ఒక్క ముక్క వినబడడం లేదనుకున్నాను. అన్న ఆ చుక్కను మ్యూట్ చేయడం మరిచిపోయాడనుకున్నాను. అన్న వైపు చూశాను, ఆయన కీబోర్డు మీద వంగి ఉన్నాడు. రెండో చరణం దగ్గరపడుతోంది. దమ్ము చాలకపోతే చాలకపోనీ, బాపు ఊదిందే వినబడనీ అనుకున్నాను.

చుక్క మీద నొక్కాను. అది సున్నా అయింది.

డోలు మోగుతోంది, బూర పలుకుతోంది, డ్రమ్ములు పడుతున్నాయి. పాట లేదు. పాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. బాపు వేళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. ముందు వరసలో పళ్ళెం పట్టుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెళ్ళికొడుకు పక్కనున్న వాళ్ళలో ఎవరో నవ్వారు. అమ్మాయి మేనమామ బాపును బాగా ఎరిగినవాడే, దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం బాలనర్సన్నా, ఊదుతలేవా?"

బాపు క్లారినెట్ దించాడు. సరిగ్గా అప్పుడే అన్న ఉరుక్కుంటూ వచ్చి నన్ను పక్కకు తోసి చుక్కను మళ్ళీ నొక్కాడు. స్పీకర్లలోంచి క్లారినెట్ తిరిగి మొదలైంది. బాపు చేతిలో క్లారినెట్ తొడ పక్కన వేలాడుతోంది, పాట మాత్రం ఎక్కడా ఆగకుండా సాగిపోతోంది. ఇప్పుడు చూడనివాళ్ళు లేరు. కొందరు ఫోన్లు కూడా ఎత్తారు. బాపు పాట అయ్యేదాకా కదలలేదు. అయిపోయాక పెళ్ళికొడుకు వాళ్ళు లోపలికి నడుస్తుంటే పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

తర్వాత ఆయన కోసం వెతికితే కనబడలేదు. రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోయాడు. అంత ఎండలో, ఆ కోటుతోనే. నేను ఇల్లు చేరేసరికి మూడయింది. కోటు విప్పి దండెం మీద వేసి, బనీనుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. క్లారినెట్ పక్కనే ఉంది. ఊదేచోట బిగించే సన్నటి పలక, వాళ్ళు రీడు అంటారు, అది దానికి లేదు. అది లేకపోతే ఎంత ఊదినా శబ్దం రాదు.

"నువ్వే ఒత్తినవా?" అని అడిగాడు.

"అవ్ బాపు. నువ్వు ఊదుతున్నవనుకున్న."

"రీడు తీసిన బిడ్డా. నడుమల కీసుమంటే పాట పాడైతదని మీ అన్న అన్నడు. వాడు బలవంతం జేయలే. నేనే తీసిన." క్లారినెట్‌ను గుడ్డలో చుట్టాడు. "ఇరవై నిమిషాలు నిలబడితే అయిపోతుండె. ఎవలకు తెల్వకపోతుండె. నన్నడిగి ఒత్తేదుండె నువ్వు."

కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే ఏడ్చేదాన్ని, తేలికయ్యేది. అరవై మూడేళ్ళ మనిషి ఇష్టం లేకపోయినా గుండె రాయి చేసుకుని ఒక ఏర్పాటుకు ఒప్పుకున్నాడు. ఆయన మీద ప్రేమతోనే నేను దాన్ని నడిబజారులో విప్పేశాను. లోపలికి పోయి అమ్మకు అన్నం పెట్టమని చెప్పాను. బాపు తినలేదు.

అన్న చీకటి పడకముందే వచ్చాడు. నాతో మాట్లాడలేదు. అమ్మతో మాత్రం, పరువు తీసింది, ఇంకో రెండు పెళ్ళిళ్ళు పోయినట్టే అన్నాడు. నిజానికి ఏమీ పోలేదు. ఆ పెళ్ళిలో సౌండు విన్నవాళ్ళే మరో మూడు ముహూర్తాలకు పిలిచారు. బాపు అవమానం మనుషులకు రెండు రోజుల నవ్వు, సౌండు మాత్రం వాళ్ళకు బాగా నచ్చింది. వారం తిరక్కుండా అన్న, వదినను తీసుకుని, బొంగులూరులో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాడు. టెంపో పెట్టుకోవడానికి అక్కడ జాగా ఉంది, గిరాకీ అటే అన్నాడు. స్పీకర్లూ డ్రమ్ములూ అన్నీ పట్టుకుపోయాడు. డోలు ఒక్కటి వదిలేశాడు, దాంతో ఇక పని లేదని. బాపు దాన్ని ఆటోలో వేయించుకుని జంగా కాక ఇంట్లో దింపి వచ్చాడు.

మిరుగు కార్తె వెళ్ళి వానలు పడ్డాక బాపు ఒక నర్సరీలో పనికి కుదిరాడు. కొత్త ప్లాట్లకు మొక్కలు పెంచి ఇచ్చే నర్సరీ అది. పొద్దున ఆరుకు పోయి నీళ్ళు పట్టి, మధ్యాహ్నానికి వస్తాడు. వద్దని నేను ఒకసారి చెప్పాను. ఇంట్లో కూర్చుంటే జనం వచ్చి మాట్లాడిస్తున్నారన్నాడు. రెండోసారి చెప్పలేదు.

ఆ నెలలోనే మా సాఫ్ట్‌వేర్ కొత్తది విడుదలైంది. చుక్కల మిక్సర్ అందరికీ నచ్చింది. వేణువు మాయమైందన్న ఉత్తరాలు ఆగిపోయాయి. ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఒక పేజీ రాసిమ్మంది వైశాలి, కంపెనీ వెబ్‌సైటులో నా ఫొటోతో వేస్తామని. బాపు పేరు రాయాలని నేను అప్పటికే నిశ్చయించుకున్నాను. ఈసారైనా అడిగి చేద్దామని నర్సరీ నుంచి వచ్చాక అడిగాను. కాళ్ళు కడుక్కుంటున్నవాడు ఆగి నా వైపు చూశాడు.

"నా పేరు యాడ రాయకు" అన్నాడు. "బ్యాండోళ్ళ ఇంట్ల పుట్టిందని గూడ రాయకు. జంగాగాడు బతికే ఉన్నడు, వానికెవలన్న చదివి చెప్తరు. వాని పని తీసిన దాని మీద నా పేరు వద్దు."

ఆ పేజీ రెండుసార్లు రాసి చించేశాను. మూడోసారి, చిన్నప్పుడు బడిలో ప్రార్థనకు వరుసగా నిలబడేవాళ్ళమని, దగ్గరి పిల్లల గొంతు గట్టిగా, దూరపు పిల్లల గొంతు సన్నగా వినబడేదని, అక్కడే నాకు ఈ ఆలోచన తట్టిందని రాశాను. వైశాలికి కళ్ళు చెమ్మగిల్లాయట. అలాగే వేశారు. అన్న దాన్ని చుట్టాలందరికీ పంపాడు, నా చెల్లె అని రాసి. ఆ గొడవ తర్వాత నా గురించి అన్న నోటి నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది.

అమ్మ ఫోన్లోకీ వచ్చింది. ఆదివారం పొద్దున పనికి పోయే ముందు బాపు కళ్ళజోడు పెట్టుకుని, ఆ పేజీని వేలితో పైకి జరుపుకుంటూ, పైకే చదివాడు. బడి, ప్రార్థన, వరుసలో పిల్లలు, ఎవరి గొంతు ఎంత దూరం నుంచి వచ్చిందో, అన్నీ మెల్లగా కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. చదవడం అయ్యాక ఫోను అమ్మకు తిరిగి ఇచ్చాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అని, టవలు భుజాన వేసుకుని నర్సరీకి బయలుదేరాడు.